చైనా వారి పొద్దు తిరిగే పండుగ

సంవత్సరంలో అతి చిన్న పగలు ఏ రోజున వస్తుందని అడిగితే మన కళాశాలలో సైన్సు చదివే వాళ్ళెవరైనా ఠక్కున డిసెంబరు 22 అని చెబుతారు. కొన్నేళ్ళు 21నే వస్తుందని ఇంకాస్త శ్రద్ధగా చదివిన వాళ్ళు సవరిస్తారు. అది పరీక్షలో ఒక మార్కు ప్రశ్న. అంతకు మించి ఆ రోజుతో మనకేమీ పని లేదు. ఆ పూట మెస్సులో మామూలు సాంబారే, ల్యాబులో మామూలు ప్రయోగమే. కాని సరిగ్గా అదే రోజున చైనాలో కోట్ల ఇళ్ళల్లో పొయ్యి మీద ఎసరు మరుగుతూ ఉంటుంది. ఇంటిల్లిపాదీ ఒకచోట చేరి కొన్నిచోట్ల గోధుమపిండితో, కొన్నిచోట్ల బియ్యప్పిండితో చేతులు తెల్లగా చేసుకుంటారు. వాళ్ళకది పండుగ. పేరు డోంగ్‌జి. ‘డోంగ్’ అంటే చలికాలం, ‘జి’ అంటే కొసకు చేరుకోవటం. చలికాలం తన కొసను ముట్టుకున్న రోజన్న మాట.

నేను బి.ఎస్‌సి. ఫిజిక్స్ విద్యార్థినిని. మాది పల్నాటి మెట్ట పల్లె. వాన పడితే పంట, లేకపోతే లేదు. మా నాన్న పత్తి, మిరప, కంది వేస్తాడు. అటువంటి ఇంట్లో పుట్టిన పిల్లకి చైనా పండుగతో ఏమిటి సంబంధం అని మీరు అడగవచ్చు. క్లాసు సెమినారు కోసం కాలగణన గురించి లైబ్రరీలో చదువుతుంటే ఈ డోంగ్‌జి ఎదురైంది. చదువుతున్నకొద్దీ ఎక్కడో దూరదేశపు సంగతిలా కాక మా ఇంటి వసారాలో వేలాడే పంచాంగం లాగా కనిపించసాగింది. ఎందుకలా కనిపించిందో చెప్పటానికే ఈ వ్యాసం.

చైనా పండుగలు చాలావరకు మన పండుగల లాగానే చంద్రుణ్ణి బట్టి వస్తాయి. మొదటి నెల పాడ్యమి నాడు వాళ్ళ కొత్త సంవత్సరం. అది జనవరి ఆఖరు నుంచి ఫిబ్రవరి మూడో వారం దాకా ఎప్పుడైనా రావచ్చు. అదే నెల పౌర్ణమికి లాంతర్ల పండుగ. అయిదో నెల అయిదో రోజున పడవల పందేలు. ఎనిమిదో నెల పౌర్ణమికి కోతల కాలపు చంద్రుడి పండుగ. తొమ్మిదో నెల తొమ్మిదో రోజున కొండలెక్కటం, పెద్దల్ని గౌరవించటం. వీటి మధ్య రెండు ముఖ్యమైన పండుగలు మాత్రం చంద్రుడి మాట వినవు. ఒకటి ఏప్రిల్ మొదటి వారంలో వచ్చే చింగ్‌మింగ్. ఆ రోజు పితృదేవతల సమాధులు ఊడ్చి శుభ్రం చేస్తారు. రెండోది డోంగ్‌జి. ఈ రెండూ సూర్యుడి లెక్క. అంచేతనే ఏటా ఇంచుమించు అదే తారీఖుకి వస్తాయి, మన సంక్రాంతి లాగా.

ఈ సూర్యుడి లెక్క రైతుల కోసం పుట్టింది. చంద్రుడి నెలలు ఒక ఏడు ముందుకీ ఒక ఏడు వెనక్కీ జరుగుతుంటే విత్తనం ఎప్పుడు వేయాలో ఎలా తెలుస్తుంది? అందుకని చైనా వారు సూర్యుడు ఆకాశంలో ఏడాదికి తిరిగే 360 డిగ్రీల బాటను 15 డిగ్రీల చొప్పున 24 భాగాలు చేశారు. ఒక్కొక్కటి సుమారు పదిహేను రోజులు. వాటి పేర్లు వింటే ముచ్చటేస్తుంది: పురుగులు మేలుకొనేది, ధాన్యపు వాన, కంకులు ముదిరేది, తెల్లమంచు బిందువు, పెద్ద మంచు, పెనుచలి. క్రీస్తు పూర్వం 139 నాటి ‘హువాయ్‌నాన్‌జి’ అనే గ్రంథంలోనే ఈ ఇరవైనాలుగు పేర్లూ వరసగా ఉన్నాయి. 2016లో యునెస్కో వీటిని మానవాళి సాంస్కృతిక వారసత్వపు జాబితాలో చేర్చింది.

రైతుబిడ్డలైన వారికి ఈపాటికి తట్టే ఉంటుంది. మనకీ ఇటువంటివి ఉన్నాయి కదా! అవే కార్తెలు. రోహిణి కార్తె, మృగశిర కార్తె, ఆరుద్ర కార్తె అని మన ఊళ్ళల్లో అనుకునేది చంద్రుడి నక్షత్రం కాదు, సూర్యుడు ఆ నక్షత్రంలో ఉండే పదమూడు పద్నాలుగు రోజులు. వాళ్ళవి ఇరవైనాలుగు, మనవి ఇరవైయేడు. పేరుకి తిథుల పంచాంగమే అయినా నడుము మాత్రం సూర్యుడిది. అధిక మాసం సంగతీ అంతే. సంక్రమణం లేని చాంద్రమాసాన్ని మనం అధిక మాసం అంటాం. చైనా వారి సూత్రం కూడా దాదాపు ఇదే: ఇరవైనాలుగింటిలో పన్నెండిటిని ముఖ్యమైనవిగా ఎంచి, అందులో ఏదీ పడని నెలను అధికం చేస్తారు. డోంగ్‌జి పడిన నెల ఎప్పుడూ పదకొండో నెలే కావాలి. అదే వాళ్ళ లెక్కకి గుంజ. దాని చుట్టూతా మిగతా ఏడాదంతా తిరుగుతుంది.

రెండు దేశాల జ్యోతిర్గణకులకూ పరిచయం లేకపోలేదు. క్రీ.శ. 718లో తాంగ్ చక్రవర్తుల కొలువులో గౌతమ సిద్ధుడనే భారత సంతతి పండితుడు మన నవగ్రహ గణితాన్ని చైనా భాషలోకి తెచ్చాడు. ఫిజిక్సు డిపార్టుమెంటులో కూర్చుని ఆ మాట చదివినప్పుడు నాకు గర్వంగానే అనిపించింది.

ఇహ పండుగ వంటల సంగతి. ఉత్తర చైనాలో ఆ రోజు జావోజి తింటారు. గోధుమపిండి పలచగా ఒత్తి, లోపల మాంసమో కూరో పెట్టి, అంచులు నొక్కి ఉడికిస్తారు. చూడటానికి మన కజ్జికాయ లాగా ఉంటుంది గాని తీపీ కాదు, నూనెలో వేయించిందీ కాదు. దీనికొక కథ చెబుతారు. రెండో శతాబ్దంలో జాంగ్ జోంగ్‌జింగ్ అనే గొప్ప వైద్యుడు చలికాలంలో సొంత ఊరికి తిరిగి వస్తూ, బీదవాళ్ళ చెవులు చలికి చితికిపోయి ఉండటం చూశాడట. గొర్రెమాంసమూ ఒంటికి వేడి చేసే మూలికలూ కలిపి పిండిలో చెవి ఆకారంలో చుట్టి, వేడి వేడి చారుతో వాళ్ళకు పంచాడట. ఇప్పటికీ డోంగ్‌జి నాడు జావోజి తినకపోతే చెవులు రాలిపోతాయని పిల్లల్ని బెదిరిస్తారు. కథలో నిజమెంతో గాని ఆ వైద్యుడు నిజం. చలి రోగాల మీద ఆయన రాసిన గ్రంథాన్ని చైనా వైద్యులు ఇప్పటికీ చదువుతారు.

దక్షిణాదిన థాంగ్‌యువాన్ చేస్తారు. జిగురు బియ్యం పిండిని చిన్న చిన్న ఉండలు చేసి, మరిగే నీళ్ళల్లో ఉడికించి తియ్యటి పాకంలో వేస్తారు. కొందరు అల్లం కూడా వేస్తారు. ఇది చదవగానే నాకు మా అమ్మ చేసే పాల ఉండ్రాళ్ళు గుర్తుకొచ్చాయి. తేడా బియ్యంలో ఉంది, వేళ్ళ కదలికలో లేదు. ఆ మాట పలికితే ‘అందరూ ఒకచోట కలవటం’ అనే చైనా మాటలాగా వినిపిస్తుందిట. అంచేత ఆ ఉండలు తినటమంటే కుటుంబమంతా కలిసినట్లు. అవి తింటే ఒక ఏడు వయసు పెరిగినట్లేనని కూడా చెబుతారు. చాలా ఇళ్ళల్లో ముందుగా చనిపోయిన పెద్దలకు పెట్టి తర్వాతే తింటారు.

సామాన్యులు ఇంట్లో పెద్దలకు పెడితే చక్రవర్తి ఆకాశానికే పెట్టేవాడు. బీజింగులో 1420లో కట్టిన ఆకాశ దేవాలయం ఉంది. 1530లో అందులో పైకప్పు లేని గుండ్రని రాతి వేదిక కట్టారు. చక్రవర్తి మూడు రోజులు ఉపవాస నియమంలో ఉండి, డోంగ్‌జి నాటి తెల్లవారుజామున ఆ వేదిక ఎక్కి ఆకాశానికి మోకరిల్లేవాడు. దేశంలో అందరూ ఎవరికి మోకరిల్లుతారో ఆయనే అక్కడ ఆ పైవాడికి మోకరిల్లేవాడు. రాజరికం పోయాక కూడా అధ్యక్షుడు యువాన్ షికాయ్ 1914లో ఒకసారి ఆ తంతు జరిపించాడు. ఆ తర్వాత అది ఆగిపోయింది. చక్రవర్తి పూజ ఆగిపోయింది గాని ఇళ్ళల్లో ఉండలు ఉడకటం ఆగలేదు. ఏది పైనుంచి వచ్చిందో, ఏది కిందనుంచి వచ్చిందో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

అతి చిన్న పగలు మనకూ వస్తుంది కదా, మరి మనమెందుకు పట్టించుకోలేదు? దీనికి జవాబు అక్షాంశంలో ఉంది. మా ప్రాంతం ఇంచుమించు 16 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మాకు అతి చిన్న పగలు పదకొండు గంటల పైచిలుకు. అతి పెద్ద పగటికీ దానికీ తేడా రెండు గంటలే. బీజింగు 40 డిగ్రీల దగ్గర ఉంది. అక్కడ ఆ రోజు పగలు తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. ఎండాకాలపు పగటితో పోలిస్తే అయిదున్నర గంటలకు పైగా తరిగిపోతుంది. మిట్టమధ్యాహ్నం మీటరు కర్ర పాతితే మా ఊళ్ళో నీడ 83 సెంటీమీటర్లు, బీజింగులో రెండు మీటర్లు. మధ్యాహ్నపు నీడ మనిషికి రెండింతలు పొడుగున్న చోట పొద్దు తిరిగిందంటే పండుగ చేసుకోరా మరి?

ఈ లెక్క కాగితం మీద వేసి ఊరుకోలేదు. కిందటి డిసెంబరులో మేం నలుగురం హాస్టలు డాబా మీద మీటరు కర్ర ఒకటి నిలబెట్టి, తూకపు గుండుతో నిటారుగా సరిచూసి, వారం రోజులు మధ్యాహ్నం నీడ కొలిచాం. ఏ రోజు కొలిచినా 83 సెంటీమీటర్లే! “పొద్దు తిరిగిందా, నిద్రపోయిందా?” అని మా వాళ్ళు నవ్వారు. నిజానికి అయనం మారే రోజుకీ మర్నాటికీ మీటరు కర్ర నీడలో తేడా మిల్లీమీటరులో పదో వంతు. సూర్యుడు చుక్క కాదు, బిళ్ళ. అందుకని నీడ అంచే ఒక సెంటీమీటరుకు పైగా మసకగా ఉంటుంది. ఆ మసకలో పదో వంతు మిల్లీమీటరు ఎక్కడ వెతుకుతాం?

మరి పూర్వం చైనా వారు ఎలా పట్టుకున్నారు? అయిదో శతాబ్దంలో జూ చోంగ్‌జి అనే గణితవేత్త ఉపాయం కనిపెట్టాడు. ‘పై’ విలువకు 355/113 అనే భిన్నం ఇచ్చిన మహానుభావుడే ఈయన. ఆ రోజు నీడ కొలవటం దండగన్నాడు. అంతకు మూడు వారాల ముందు ఒకసారి కొలిచాడు. తర్వాత మూడు వారాలకు నీడ మళ్ళీ అదే పొడుగు అయ్యే సమయాన్ని రెండు రోజుల కొలతల మధ్య లెక్కగట్టాడు. ఆ రెండు సమయాలకీ నడిమధ్య ఘడియే డోంగ్‌జి. మూడు వారాల దూరంలో మా మీటరు కర్ర నీడ సైతం రోజుకు నాలుగు మిల్లీమీటర్లు కదులుతుంది కాబట్టి కొలవటం తేలిక. పదమూడో శతాబ్దంలో గువో షౌజింగ్ హెనాన్ రాష్ట్రంలోని దెంగ్‌ఫెంగ్ దగ్గర ఇటుకల బురుజు కట్టించి, నేల మీద ముప్ఫై మీటర్ల పొడవున రాతి కొలబద్ద పరిపించాడు. సన్నని రంధ్రం గుండా నీడ పట్టి అంచు మసకను పోగొట్టాడు. ఆయన లెక్కతో 1281లో అమలులోకి వచ్చిన పంచాంగంలో సంవత్సరం 365.2425 రోజులు. ఐరోపాలో 1582లో వచ్చిన, ఇవాళ మన గోడలమీద ఉన్న గ్రెగరీ కాలెండరుదీ ఇదే అంకె. ఆ బురుజు ఇప్పటికీ నిలిచి ఉంది.

ఈ పండుగలో నాకు అన్నిటికన్నా నచ్చిందొకటి ఉంది. డోంగ్‌జితో చలి అయిపోయిందని చైనా వారు భ్రమపడరు. అసలు చలి అప్పుడే మొదలవుతుందని వాళ్ళకు తెలుసు. పగలు పెరుగుతున్నా నేల ఇంకా పోగొట్టుకునే వేడి ఎక్కువ, వచ్చే వేడి తక్కువ. ఆ రెండూ సమానమయ్యే దాకా చలి ముదురుతూనే ఉంటుంది. అందుకని డోంగ్‌జి నుంచి తొమ్మిదేసి రోజులు తొమ్మిదిసార్లు, మొత్తం 81 రోజులు లెక్కపెడతారు. కాగితం మీద ప్లమ్ పూలకొమ్మ గీస్తారు. తొమ్మిది పూలు, పూవుకు తొమ్మిది రేకలు. రోజుకొక్క రేకకు రంగు వేస్తారు. అన్ని రేకలూ నిండేసరికి మార్చి రెండో వారం వస్తుంది, అరకలు పొలంలో దిగుతాయి. మూడో తొమ్మిది అన్నిటికన్నా చలిదని వాళ్ళ లెక్క. అది ఎప్పుడనుకున్నారు? జనవరి 9 నుంచి 17 దాకా. అంటే మన సంక్రాంతి రోజులే! ‘సంక్రాంతికి చంకలెత్తనివ్వని చలి’ అని మా నాయనమ్మ అనేది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని కూడా అనేది. చైనా వారి ఎనభై ఒకటో రోజూ ఇంచుమించు అక్కడికే వస్తుంది. ఆవిడ ఏ కొమ్మకూ రంగులు వేయలేదు, లెక్క మాత్రం తప్పలేదు.

సంక్రాంతి మాట వచ్చింది కాబట్టి ఒక చిక్కు సంగతి చెప్పాలి. మనం ఉత్తరాయణ పుణ్యకాలం అని జనవరి 14న గాని 15న గాని చేసుకుంటాం. కాని సూర్యుడు ఉత్తరానికి మళ్ళేది డిసెంబరు 22న. ఈ ఇరవైమూడు రోజుల ఎడం ఎక్కడిది? భూమి అక్షం బొంగరం తలలాగా మెల్లగా తిరుగుతోంది. అందుకు 72 ఏళ్ళకు ఒక డిగ్రీ చొప్పున తేడా వస్తోంది. చైనా వారు అయనాన్నే గుంజ చేసుకున్నారు గనక వాళ్ళ ఇరవైనాలుగూ ఋతువులతోనే ఉన్నాయి. మనం నక్షత్రాలను గుంజ చేసుకున్నాం గనక మన సంక్రమణాలూ కార్తెలూ ఋతువుల నుంచి సుమారు డెబ్భై ఏళ్ళకు ఒక రోజు చొప్పున జరుగుతున్నాయి. మేఘనాథ్ సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘం 1955లో నివేదిక ఇస్తూ ఈ తేడానే చూపించింది. ఆ సంఘం చెప్పిన జాతీయ పంచాంగం 1957 మార్చి 22 నుంచి అమలులో ఉంది గాని మా ఊళ్ళో దాన్ని చూసి విత్తినవాణ్ణి నేనెరుగను.

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఇదంతా మా నాన్నకు చెప్పాను. నాన్న ఏడో తరగతి దాకా చదివాడు. శ్రద్ధగా విని, “అయితే మా తాతప్పటికీ ఇప్పటికీ ఎన్ని రోజులు జరిగిందమ్మా?” అని అడిగాడు. ఒకటి, మహా అయితే ఒకటిన్నర అన్నాను. “వాన ఇరవై రోజులు జరిగిందే, దానికి మీ పుస్తకంలో ఏమన్నా ఉందా?” అన్నాడు. వెక్కిరింపుగా కాదు, నిజంగానే అడిగాడు.

ఆ ఏడు మృగశిర ఒట్టిగా పోయింది. ఆరుద్ర రెండో నాడు ఒక జల్లు పడితే ఊరంతా అచ్చు తోలి పత్తి గింజలు పెట్టారు. నాన్న మాత్రం చేలోకి వెళ్ళి జానెడు లోతున మట్టి తీసి పిడికిట్లో నొక్కి చూశాడు. ఉండ కట్టలేదు. “అదును వచ్చింది గాని పదును రాలేదు” అని ఆగాడు. తర్వాత పద్దెనిమిది రోజులు చినుకు లేదు. చాలామంది మళ్ళీ గింజలు కొనుక్కోవాల్సి వచ్చింది. మా నాన్నకు ఆ ఖర్చు తప్పింది, అంతే. ఆలస్యంగా వేసినందుకు పంటా తక్కువే వచ్చింది.

అప్పుడు నాకు ఒకటి బోధపడింది. కార్తె రైతును సిద్ధంగా ఉండమని పిలుస్తుంది. విత్తమని చెప్పేది చేతిలోని మట్టి. చైనాలోనూ అంతే. ఆ ఇరవైనాలుగు పేర్లూ పచ్చనది లోయలో పుట్టాయి. ‘పెద్ద మంచు’ అనే పక్షంలో దక్షిణాన గువాంగ్‌డాంగ్‌లో మంచే కురవదు. అందుకని ఏ ప్రాంతపు రైతు ఆ ప్రాంతానికి తగ్గ సామెతలు కట్టుకున్నాడు. చట్రం అందరిదీ, అనుభవం ఎవరిది వారిది. చట్రాన్ని పుస్తకంలో దాచవచ్చు, దాచారు కూడా. పిడికిటి లెక్కను ఎక్కడ దాస్తాం?

ఇది ఊరికే వచ్చిన ప్రశ్న కాదు. మేం ఇద్దరం ఆడపిల్లలం. అక్క పెళ్ళి చేసుకుని హైదరాబాదులో ఉంది. నేనిక్కడ చదువుతున్నాను. ఉగాది నుంచి చేను కౌలుకిచ్చేద్దామని నాన్న ఆలోచిస్తున్నాడు. “నా తరవాత చూసేదెవరు?” అంటాడు. అమ్మ ఏమీ అనదు. సంక్రాంతికి అందరూ వచ్చాక తేలుద్దామన్నారు. చైనాలో డోంగ్‌జికి ప్రభుత్వ సెలవు లేదు. దూరాన ఫ్యాక్టరీల్లో పనిచేసే పిల్లలు ఆ రోజుకు ఇంటికి చేరలేరు. పల్లెలో ముసలివాళ్ళు ఇద్దరికి సరిపడా ఉండలు చేసుకునే ఇళ్ళు అక్కడా ఉంటాయి. అందరూ కలవటం అనే మాటకు అర్థం తెలిసేది కలవలేనప్పుడే గాబోలు.

నేను వెళ్ళి సేద్యం చేస్తానని ఇక్కడ గొప్పగా రాయను. చెయ్యగలనో లేదో నాకింకా తెలియదు. అయితే ఒక పని మొదలుపెట్టాను. ఒక నోటుబుక్కులో ఇరవైయేడు కార్తెలకు ఇరవైయేడు పేజీలు కేటాయించాను. ఒక్కో పేజీలో ఆ కార్తెకు నాన్న ఏం చూస్తాడు, మట్టి ఎలా ఉండాలంటాడు, ఏ గాలికి భయపడతాడు, ఏ ఏడు ఏమైంది అని ఫోనులో అడిగి రాసుకుంటున్నాను. ఎదురు పేజీలో ఆ రోజుల అసలు వర్షపాతం అంకెలు. డోంగ్‌జి వచ్చేది మన మూల కార్తెలో. ఆ పేజీలో నాన్న చెప్పింది ఒక్క వాక్యమే: కంది చేను కాపలా కాయాలి, పొద్దున్నే మంచు పడుతుంది. దాని పక్కన మా డాబా మీద కొలిచిన 83 సెంటీమీటర్లు రాశాను. రెండూ కొలతలే.

ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి సంక్రాంతి వెళ్ళిపోయి ఉంటుంది. చేను సంగతి ఏదో ఒకటి తేలి ఉంటుంది. కౌలుకిచ్చినా నోటుబుక్కు ఆగదు. పదహారు పేజీలు నిండాయి, పదకొండు మిగిలాయి. మీలో సేద్యం చేసే ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు మీరూ మీ నాన్ననో తాతనో ఒక్క కార్తె గురించి అడగండి. వాళ్ళు చెబుతారు. అడిగేవాళ్ళు లేకనే చెప్పటం మానుకున్నారు.